వచ్చే నెల నుంచి మన ల్యాబ్‌లో ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీ ఉండదండి

తణుకులో మన ల్యాబ్‌కి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. ఒకటో తారీకు నుంచి 1,499 రూపాయల ‘ఫుల్ బాడీ 72 టెస్టులు’ ప్యాకేజీ తీసేస్తున్నాను. బయట బ్యానర్ నిన్ననే దింపించాం. పొద్దుటి నుంచి నలుగురు ఆగి అడిగారు, ‘ఏమండీ, మూసేస్తున్నారా?’ అని. మూయడం లేదు. కానీ ఆరేళ్లుగా ఆ ప్యాకేజీ మీ చేత కొనిపించింది నేనే కాబట్టి, ఎందుకు తీసేస్తున్నానో కూడా నేనే చెప్పాలి.

మార్చిలో ఒకబ్బాయి వచ్చాడు. 34 ఏళ్లు, ఒంట్లో ఏ బాధా లేదు. వాళ్లావిడ పోరు పడలేక వచ్చానన్నాడు. ముందు రోజు రాత్రి అన్నం కూడా మానేసి, పొద్దున పదింటికి తాపీగా వచ్చాడు. ‘పరగడుపున రమ్మన్నారు కదా, ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిదనుకున్నా’ అన్నాడు. రిపోర్టులో అన్నీ బాగున్నాయి, బిలిరుబిన్ (కామెర్లొస్తే పెరిగే పసుపు పదార్థం) ఒక్కటి 1.7 ఉంది. మా కంప్యూటర్ దాన్ని లావు అక్షరాల్లో కొట్టి పక్కన ‘హై’ అని పెట్టింది. ఇంట్లో పెద్దావిడ ఆ కాగితం చూసి కామెర్లన్నారు. మర్నాడే పసరు మందు మొదలు. నూనె లేదు, ఉప్పు లేదు, కారం లేదు. మూడు వారాలు చప్పిడి మజ్జిగన్నం మీద ఉండి, ఐదు కిలోలు తగ్గి మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. మళ్లీ చేశాం. 1.9 వచ్చింది.

అంత పథ్యం చేసినా పెరిగిందేమిటని అతను బెంబేలెత్తిపోయాడు. ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి, గిల్బర్ట్ సిండ్రోమ్ అన్నారు. పేరు వింటే గుండె జారుతుంది గానీ అది పుట్టుకతో వచ్చే ఒక తీరు, అంతే. వందమందిలో ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఉంటుంది. కడుపు మాడ్చుకున్నా, జ్వరం వచ్చినా బిలిరుబిన్ కాస్త పైకి లేస్తుంది. లివర్ బాగానే ఉంటుంది, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే అంకె) మామూలుగానే ఉంటుంది. అంటే అతను పథ్యం చేసిన కొద్దీ అది పెరుగుతుంది! ఆ అబ్బాయికి మందూ అక్కర్లేదు, పథ్యమూ అక్కర్లేదు. అసలు నేను చేసిన ఆ పరీక్షే అక్కర్లేదు.

రిపోర్టులో కుడిపక్కన ‘నార్మల్ రేంజ్’ అని ఉంటుంది చూడండి, అదేమీ లక్ష్మణరేఖ కాదు. చాలా పరీక్షలకి అది ఎలా కడతారంటే, ఆరోగ్యంగా ఉన్న కొందరి రక్తం తీసి చూసి, మధ్యలో ఉన్న 95 శాతం మందిని లోపల ఉంచి, ఈ కొస రెండున్నర శాతాన్ని, ఆ కొస రెండున్నర శాతాన్ని బయట వదిలేస్తారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లే 20 మందిలో ఒకరు గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేస్తే, ఏదో ఒక్కటైనా తేడాగా కనబడే అవకాశం 64 శాతం. (షుగర్‌కీ కొలెస్ట్రాల్‌కీ లెక్క వేరు, అక్కడ గీత జబ్బు ముప్పుని బట్టి గీస్తారు.) మా ప్యాకేజీ చేయించుకుని ఒక్క లావు అక్షరం కూడా లేకుండా బయటికి వెళ్లినవాళ్లు నాకైతే పెద్దగా గుర్తులేరు.

ఇక ఆ 72 సంగతి. సీబీపీ (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష) ఒక్కటి చేస్తే మిషన్ ఇరవై పైచిలుకు అంకెలు ఇస్తుంది, అవన్నీ లెక్కలో వేస్తాం. లివర్‌వి పది పదకొండు, కొలెస్ట్రాల్‌వి ఏడెనిమిది. యూరిన్ రంగు కూడా ఒక టెస్టే, వాసన ఇంకో టెస్టు. గట్టిగా లెక్కపెడితే అవి ఎనిమిది పరీక్షలు. బ్యానర్ మీద 8 అని వేస్తే ఎవరొస్తారు?

అసలు గిరాకీ విటమిన్ డీ, బీ12 వల్ల. వాటికి మా దగ్గర మిషన్ లేదు, శాంపిల్ హైదరాబాద్ పంపుతాం. మన ల్యాబ్ రాబడిలో దాదాపు మూడో వంతు ఈ ప్యాకేజీదే. తీసేస్తే లోటు తెలుస్తుంది, తెలియదని బడాయి పోను. ఎవర్నీ పనిలోంచి తీయకూడదనుకున్నాం కాబట్టి, ఇకనుంచి సాయంత్రం ఎనిమిదిన్నరకి బదులు ఏడింటికే కట్టేస్తాం.

డీ విటమిన్ గురించి కొంచెం విడమరిచి చెప్పాలి. ‘ఇంత ఎండలో బతుకుతున్నాం, మాకు తక్కువేంటండీ’ అని అందరూ అడుగుతారు. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీదే అధ్యయనం చేసి 2007లో ప్రచురించారు. పల్లెల్లోనూ పట్నంలోనూ చాలామందికి తక్కువే తేలింది. కాబట్టి ఎవరికి పరీక్ష చేసినా తక్కువే వస్తుందని మాకు ముందే తెలుసు. పైగా ఆ ‘తక్కువ’ ఎక్కడ మొదలన్నదే పెద్ద తగువు. 2011లో అమెరికాలో ఒక సంస్థ 20 ఉంటే చాలామందికి సరిపోతుందంది, ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) మాత్రం 30 దాటాలంది. మన రిపోర్టుల్లో 30 వేసుకుంటూ వచ్చాం. 2024లో అదే ఎండోక్రైన్ సొసైటీ ఆ 30 మాట పక్కన పెట్టి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఊరికే ఈ పరీక్ష చేయొద్దని చెప్పింది. నేను ఆ సంగతి చదివాక కూడా ఏడాది పైన బ్యానర్ దింపలేదు. అద్దె కట్టాలి కదా అని సర్దిచెప్పుకున్నాను.

తక్కువ అని తెలిసినందువల్ల నష్టమేముంది అంటారా? రిటైరైన మేస్టారొకాయనకి మా దగ్గరే 16 వచ్చింది. డాక్టర్‌గారు 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికొకటి రాశారు. ఈయన ‘బలం మందే కదా’ అని రోజుకొకటి చొప్పున పాలల్లో కలుపుకుని రెండు నెలలు తాగారు. వాంతులు, ఆగని దాహం, మలబద్ధకం. రక్తంలో కాల్షియం చేస్తే 12.6 వచ్చింది, బాగా ఎక్కువ. ఆస్పత్రిలో ఐదు రోజులు సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. నీళ్లలో కరిగే విటమిన్ అయితే ఎక్కువైనది మూత్రంలో పోతుంది గానీ, డీ కొవ్వులో నిలవుంటుంది. ఆ ప్యాకెట్లు ఎవరింట్లోనైనా ఉంటే వారానికా, నెలకా అన్నది చీటీలో మరోసారి చూసుకోండి.

బీ12 అలా కాదు. కొంతమంది నిజంగా చేయించుకోవాలి. గుడ్డు కూడా ముట్టని శాకాహారులు, పాలూ పెరుగూ తక్కువ వాడేవాళ్లయితే మరీను. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు. గ్యాస్ బిళ్ల పొద్దున్నే కాఫీ కన్నా ముందు వేసుకోవడం అలవాటైపోయినవాళ్లు. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉన్నవాళ్లు. వీళ్లకి ఈ పరీక్ష విడిగా ఉంటుంది, ప్యాకేజీ అక్కర్లేదు. ఒక్క మనవి. బీ12 ఇంజక్షన్ చేయించుకుని, వారం తిరక్కుండా ‘ఎంతుందో చూద్దాం’ అని రాకండి. మిషన్ పైగీత దాటి ఎక్కడికో పోతుంది, మీ డబ్బులు దండగ.

మరి ఏ బాధా లేనివాళ్లు ఏం చేయించుకోవాలి? నేను డాక్టర్ని కాదు, డీఎంఎల్‌టీ (ల్యాబ్ డిప్లొమా) చదివిన టెక్నీషియన్ని. డాక్టర్లు ఎక్కువగా రాసేవీ, నా ఇంట్లోవాళ్లకి నేను చేసేవీ చెబుతాను. 30 దాటితే బీపీ, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష). ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023లో బయటపెట్టిన సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది, ఇంకా రాకపోయినా షుగర్ గట్టు మీద నిలబడ్డవాళ్లు 13.6 కోట్లు. మనకి వెతకాల్సింది ఇదే. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే బాగున్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్. రక్తం తక్కువున్నవాళ్లకి ఈ అంకె తప్పుదోవ పట్టించొచ్చు, అందుకే ఆడవాళ్లకి పక్కనే సీబీపీ కూడా చేస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019-21) మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత, తెలంగాణలో 57.6. విటమిన్ ప్యాకేజీకి 1,499 కట్టి, హిమోగ్లోబిన్ 9 ఉన్న లైను చూడకుండా డీ గురించి దిగులుపడిన అక్కయ్యల్ని ఎంతమందిని చూశానో.

కొలెస్ట్రాల్ ఒకసారి చూసుకుని, మళ్లీ ఎప్పుడన్నది డాక్టర్‌ని అడగండి. బీపీ గానీ షుగర్ గానీ ఉంటే క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), యూరిన్ కలుస్తాయి. క్యాన్సర్ మార్కర్లు (రక్తంలో క్యాన్సర్ గుర్తులు వెతికే పరీక్షలు) ఊరికే చేయమని అడగొద్దు, చేయను. ఇవి కాక కౌంటర్ పక్కన మేకుకి టైలర్ టేపు ఒకటి వేలాడదీశాం. బొడ్డు దగ్గర మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే షుగర్ చూసుకోవాల్సిందే. టేపుకి డబ్బుల్లేవు. ఆ మాటకొస్తే 30 దాటినవాళ్లకి బీపీ, షుగర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు. అక్కడ చూపించుకుని వస్తే నేనేమీ అనుకోను.

ఇప్పుడు నా తప్పు ఒకటి. పోయిన మేలో ఇళ్లకి వెళ్లి రక్తం తీసే కుర్రాడి దగ్గర బూడిదరంగు మూత ట్యూబులు అయిపోయాయి. షుగర్‌కి ఆ ట్యూబే వాడాలి, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. మామూలు ట్యూబులో ఉంచితే రక్తకణాలు చక్కెర తినేస్తూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. ఆ అబ్బాయి ఎర్రమూత ట్యూబులో తీసి, బండి డిక్కీలో పెట్టుకుని, ఇంకో ఎనిమిది ఇళ్లు తిరిగి పదకొండున్నరకి వచ్చాడు. చూసుకోకుండా నేను రిపోర్టులిచ్చేశాను. ఒక బాబాయిగారికి 97 అని ఇచ్చాం. సాయంత్రం ట్యూబుల స్టాక్ రాసుకుంటుంటే అనుమానమొచ్చి, తొమ్మిదిమందికీ ఫోన్ చేసి మర్నాడు మళ్లీ తీశాం. ఆయనకి 131 వచ్చింది. ఆయన అప్పటికే ఇంట్లో పూతరేకులు పంచారట! డబ్బులు అందరికీ తిరిగిచ్చాను గానీ, ఆ ఫోన్లు చేసేటప్పుడు నోరు ఎండిపోయింది. మా కుర్రాళ్లు ఇంటికొస్తే షుగర్‌కి బూడిదరంగు మూత చూపించమని అడగండి. లేదంటే తీయించుకోకండి.

ఇంకో చిన్న సంగతి. పెళ్లి కుదిరిన అమ్మాయిలు జుట్టు రాలకుండా బయోటిన్ బిళ్లలు వేసుకుంటున్నారు. అవి వేసుకుని థైరాయిడ్ చేయించుకుంటే కొన్ని మిషన్లు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో ముఖ్యమైన అంకె) తప్పుగా తక్కువ చూపిస్తాయి. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపి రండి, ఏం వాడుతున్నారో కౌంటర్లో చెప్పండి.

పరీక్షల చీటీలు రాసి పంపేవాళ్లకిచ్చే కమీషన్ సంగతి కూడా అడుగుతుంటారు. ఇచ్చేవాణ్ణి. జనవరి నుంచి ఇవ్వడం లేదు. అందుకే కొన్ని చీటీలు ఇప్పుడు మన దాకా రావడం లేదు, మీరు గమనించే ఉంటారు. ఆ మిగిలిన దాంట్లోంచే షుగర్, సీబీపీ ధరలు తగ్గించాను, కొత్త ధరల కాగితం తలుపుకి అంటించాం.

ప్యాకేజీకి ముందే డబ్బు కట్టి కూపన్ తీసుకున్నవాళ్లు 43 మంది ఉన్నారు. ఈ నెలాఖరు లోపు చేయించుకుంటానంటే చేస్తాను, అది మీ ఇష్టం. వద్దనుకుంటే పూర్తి డబ్బు వాపసు, ఎప్పుడొచ్చినా ఇస్తాం. కూపన్ పారేసుకున్నా పర్లేదు, మీ ఫోన్ నంబరు రిజిస్టర్లో రాసే ఉంది.