పిల్లులున్న ఇళ్లవాళ్లు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారమండీ. మన వైట్‌ఫీల్డ్ గ్రూపులో పిల్లుల్ని పెంచేవాళ్లం ఏడెనిమిది మందిమి ఉన్నాం కదా, వాళ్ల కోసమే ఇది.

నిన్న పొద్దున మా బూచి బాల్కనీ రెయిలింగ్ ఎక్కి, ఏసీ యూనిట్ మీద వాలిన పావురం మీదికి దూకబోయింది. ఐదో అంతస్తు! ఎలాగో నడుం దగ్గర దొరకబుచ్చుకున్నాను. చెయ్యంతా గీరేసింది, అది వేరే సంగతి.

పావురాల వల ఉందిగా అని ఇన్నాళ్లూ ధీమా. తీరా చూస్తే కింద మూల, కొక్కెం దగ్గర, నైలాన్ తాడు ఎండకి పెళుసెక్కి అరచెయ్యి దూరేంత చిరిగి ఉంది. ఆ వల పావురాల్ని ఆపుతుంది గానీ పిల్లి గోళ్లకీ పళ్లకీ ఆగదు. ఇన్విజిబుల్ గ్రిల్‌నీ (బాల్కనీకి వరసగా బిగించే సన్నటి స్టీల్ తీగలు) నమ్మకండి. తీగల మధ్య రెండు మూడు అంగుళాల సందు ఉంటుంది, పిల్లికూనలు ఇట్టే దూరిపోతాయి. ఒక అంగుళం గడి ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్ పైకప్పు దాకా వేయించడమే మేలు. అద్దె ఇల్లైతే ఓనర్‌ని ముందే అడగండి.

పిల్లి ఎక్కణ్ణుంచి పడ్డా కాళ్ల మీదే పడుతుందని మా అత్తగారు అంటారు. నిజమే, ఆ కాళ్లే విరుగుతాయి! దవడ, ఛాతీ కూడా దెబ్బతింటాయి. ఇలా పడిన 132 పిల్లుల గురించి 1987లో న్యూయార్క్ పశువైద్యులు రాశారు. చికిత్స అందినవాటిలో 90 శాతం బతికాయట. అందుకే, పడ్డాక మామూలుగా నడుస్తున్నా సరే, అట్టపెట్టెలో పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

శనివారం మెష్ అతను కొలతలకి వస్తున్నాడు. ఇంకెవరికైనా కావాలంటే చెప్పండి, రేటు తగ్గిస్తాడేమో అడుగుతాను.