రోలు సంగతి

నందికొట్కూరు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ అమ్మ, నేను క్షేమం. అల్లుడుగారు, పిల్లలు, వదినగారు క్షేమమని తలుస్తాను.

నిన్న రాత్రి ఫోనులో నీవు చెప్పినదంతా విన్నాను గానీ, పిల్లల గోలలో నేను చెప్పదలచుకున్నది చెప్పలేకపోయాను. అల్లుడుగారికి హైదరాబాదు బదిలీ అయిందనీ, కర్నూలు ఇల్లు ఖాళీ చేసి మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటుకు వెళుతున్నారనీ, అందులో ఉన్న సామానుకే చోటు చాలదనుకుంటే మీ అత్తగారు పెరట్లోని రోలు కూడా రావలసిందేనని పట్టుబట్టారనీ చెప్పి, మిక్సీ ఉండగా ఆ బండరాయి ఎందుకో నీవైనా చెప్పు నాన్నా అన్నావు. నీ మాటలో తప్పు లేదు. అయినా నేను వదినగారి పక్షమే వహించబోతున్నాను, ఎందుకో ఓపికగా చదువు.

ముందు పనికి వచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. గ్యాసు కనెక్షను అక్కడికి మారాలంటే ఇక్కడి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి కాగితం తీసుకోవాలి. డిపాజిట్టు తిరిగి ఇస్తారు. కారు రాష్ట్రం దాటుతున్నది కాబట్టి ఇక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తీసుకోండి. పన్నెండు నెలలు దాటి అక్కడే ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోక తప్పదు. పాప టీసీ, మార్కుల కాగితాలు లారీలో వేయక నీ చేతిసంచిలోనే పెట్టుకో. మిగతావి అల్లుడుగారికి నాకంటే బాగా తెలుసు.

ఇక రోలు సంగతి. మన పాత ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిందని నీకు తెలుసు గానీ, మేము ఎలా బయటికి వచ్చామో నేను ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. 1981 జూన్‌లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, కృష్ణా తుంగభద్రల ఒడ్డున దాదాపు వంద పల్లెలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. మాది చౌడు మిద్దె, అంటే కలప దూలాల మీద చౌడుమట్టి కప్పిన ఇల్లు. వచ్చిన పరిహారంతో కొత్తగా కలప కొని ఇల్లు కట్టడం సాధ్యం కాదని మా నాయన మిద్దె విప్పించి, దూలాలు, దంతెలు, ద్వారబంధాలు, చివరికి గూట్లో కొట్టిన మేకులతో సహా బండికెక్కించాడు. ఒక ఎద్దుల బండి, నాలుగు తిరుగుళ్లు. నాలుగో తిరుగుడులో మా అవ్వ రోలు దగ్గర నిలబడి, దీన్ని కూడా తవ్వి ఎక్కించమంది. ఆ రోలు పెరట్లో అంచు దాకా నేలలో పాతి ఉండేది. పైకి చూస్తే పళ్లెమంత గుంట, లోపల గడ్డపారకు లొంగని బరువు. దాని లోపలి అంచు అవ్వ కూర్చునే వైపు మాత్రమే అరిగి, వేలితో తడిమితే అద్దంలా నున్నగా తగిలేది. నాయన ఎద్దుల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, "రాయిదేముందమ్మా, అక్కడ ఇంకోటి కొనిస్తా" అని బండి తోలాడు.

కొనిచ్చాడు కూడా. అవ్వ అందులో నూరింది, వండింది, ఒక్క మాట అనలేదు. కొత్త కాలనీలో పాలు పొంగించిన రోజున మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇల్లు పోయినందుకని అందరూ అనుకున్నారు గానీ, మేపడానికి బీడు లేక మూడు గేదెలనూ అంతకుముందే అమ్ముకోవడంతో, తన బ్రతుకులో మొదటిసారి పాలు కొనవలసి వచ్చిందని ఆమె ఏడ్చింది. ఇది ఆమే తరువాత నాతో చెప్పింది.

ఆ రోజుల్లోనే సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని ముంపు నుండి తప్పించడానికి రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కడుతున్నారు. కొన్నాళ్లకు నాయన అలంపురం పోయి ఆ పని చూసి వచ్చి, ఎంత గొప్పగా చేస్తున్నారో అని ఇంట్లో వర్ణిస్తుంటే, పొయ్యి దగ్గర నుండి అవ్వ తల తిప్పకుండా అన్నది: "సామికి రాళ్లన్నీ మోసుకొచ్చినారంట. నాకు ఒక్క రాయి తేలేకపోతివి." నాయన తింటున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తరువాతి వేసవిలో జలాశయం తగ్గి మా ఊరి దిబ్బ బయటపడిందని తెలిసి, నన్ను వెంటబెట్టుకొని గడ్డపారతో వెళ్లాడు. మోకాటి లోతు ఒండ్రు, అందులో పగుళ్లు. మా ఇల్లు ఏదో మాకే తెలియలేదు. వేపచెట్టు మొద్దును బట్టి లెక్కవేసుకొని పూటంతా తవ్వితే, రోలు ఉండవలసిన చోట గుండ్రని గుంత మాత్రం కనిపించింది. ఎవరో మాకంటే ముందే తీసుకుపోయారు. నాయన ఇంటికి వచ్చి ఈ మాట ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే, అవ్వ విని, కాసేపటికి ముఖం తేటపడి, "పోనీలే, ఎవరింట్లోనో ఎర్రకారం నూరుతాంటారు" అన్నది. నీళ్లలో పడి ఉందన్నదే ఆమె బాధ అని మాకు అప్పుడు అర్థమైంది.

వదినగారు నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్నారు. ఊరు మారేది మీ పనుల కోసం. అందులో ఆవిడ అడిగినది ఏముంది? బీరువాలో ఏది ఉంచాలో, ఏ పరుపు పారేయాలో నీవే నిర్ణయించావు, సోఫా రంగు కూడా అల్లుడుగారిని అడిగావు, ఆవిడను అడగలేదు. కోప్పడుతున్నానని అనుకోకు, మా నాయన కూడా మంచివాడే.

రోలును గోనెసంచులతో చుట్టి, లారీలో అన్నింటికంటే ముందు అడుగున వేయించు, పైన పెడితే బిందెలు నొక్కుకుపోతాయి. లిఫ్టు ఎంత బరువు మోస్తుందో కాపలా అతనిని ముందే అడుగు. బాల్కనీలో గోడవారగా, కింద రబ్బరు చాప వేసి పెట్టిస్తే కింది వాళ్లకు చప్పుడు వినిపించదు. ఎక్కడ పెట్టాలో మాత్రం ఆవిడను చూపించమను.

గృహప్రవేశానికి ముందురోజు సాయంత్రానికి మేము వస్తాము. ఎదురింటి వాళ్ల గేదె పాలు స్టీలు క్యానులో తెస్తానంటే, ఈ ఎండలకు బస్సులోనే విరిగిపోతాయని మీ అమ్మ నవ్వుతున్నది. అయినా నేను తెస్తాను. విరిగితే పిల్లలకు కోవా చేసి పెట్టు, పొంగించడానికి అప్పుడు ప్యాకెట్టు కొందాము.

ఆశీస్సులతో,
నాన్న