సన్మాన పత్రంలో ఏం రాయాల, మామా

హ్యూస్టన్

మామకు నమస్కారాలు. అత్త మోకాళ్లనొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం.

సన్మాన పత్రంలో ఏం రాయాలని అడిగినారు కదా. కర్నూలులో మీ వకీళ్లంతా సన్మానం చేయబోయే, లాయరు కూడా అయిన టెక్సాస్ శాసనసభ్యుని అవార్డుల జాబితా చూసినాను. అన్నీ ఒకే వరుసలో అచ్చు వేయించొద్దు. ఎవరిచ్చినారు, దేనికిచ్చినారు, ఏ ఏడాది అన్నది చూసి విడదీయాల.

లాయరుగా వచ్చినవాటిలో 'బోర్డ్ సర్టిఫైడ్', అంటే ఒక న్యాయరంగంలో నిపుణుడన్న గుర్తింపు, ముందుండాల. దానికి కనీసం 5 ఏళ్ల ప్రాక్టీసు, ఆ రంగంలో కేసులు నడిపిన ఆధారం, తోటివాళ్ల సిఫారసులు, ఆ పైన పరీక్ష. 5 ఏళ్లకోసారి మళ్లీ అర్హత చూపాల. ఏ రంగమో తప్పక రాయండి. మన హైకోర్టు ఇచ్చే సీనియర్ అడ్వొకేట్ హోదాతో మాత్రం పోల్చొద్దు, రెండూ వేరు.

'సూపర్ లాయర్స్' ప్రైవేటు సంస్థ జాబితా. రాష్ట్రంలోని లాయర్లలో 5 శాతానికి మించి తీసుకోరు. ఏటా మారుతుంది కాబట్టి ఏడాది లేకుండా వేస్తే తప్పు. ఇక్కడ 1977లో బేట్స్ కేసు తీర్పుతో లాయర్ల ప్రకటనలకు దారి తెరుచుకుంది, అందుకే ఆ లోగోలు అంతటా కనిపిస్తాయి. మనకు లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదనే బార్ కౌన్సిల్ 36వ నిబంధన ఉంది, పత్రంలో లోగోలు వద్దు.

అసలు జాగ్రత్త 'లెజిస్లేటర్ ఆఫ్ ది ఇయర్' దగ్గర. డాక్టర్లు, టీచర్లు, వ్యాపారులు, ఎవరి సంఘం వాళ్లు తమకు పనికొచ్చిన బిల్లు కోసం పోరాడినవాళ్లకు ఇస్తారు. సంఘం పేరు వదిలేస్తే ప్రభుత్వమే ఇచ్చినట్టు అనుకుంటారు. దాని వెనకున్న బిల్లు పట్టుకోండి: టెక్సాస్ శాసనసభ వెబ్‌సైట్‌లో సెషన్ ఎంచుకొని సభ్యుని పేరు వెతికితే జాబితా వస్తుంది. నెంబర్లు ప్రతి సెషన్‌కూ కొత్తగా మొదలవుతాయి, అందుకని 88వ సభ (2023), 89వ సభ (2025) అని కూడా రాయాల. ఆయన ఆథరా (బిల్లు పెట్టినవాడా), కో-ఆథరా (దానికి తోడుగా పేరు చేర్చినవాడా) చూడండి. రెండేళ్లకోసారి 140 రోజులే సాధారణ సమావేశాలు, చాలా బిల్లులు కమిటీలోనే ఆగిపోతాయి. ప్రవేశపెట్టినదాన్ని చట్టమైందని రాస్తే ఆయనకే ఇబ్బంది.

ఆయన 150 మంది ఉండే రాష్ట్ర దిగువసభ సభ్యుడు. ఫ్లెక్సీలో 'అమెరికా ఎంపీ' అని పడకుండా చూడండి.

మన పెద్దపాడు సంజీవయ్య గారూ లా చదివి శాసనసభకు వెళ్లినవారే. ఆయన పేరు ఎత్తితే అవార్డులు కాదు, ముఖ్యమంత్రిగా 1961లో పెట్టిన ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) గుర్తొస్తుంది. అట్లే ఈ టెక్సాస్ ఆయన ఆథరుగా చట్టమైన బిల్లు ఒక్కటి దొరికినా పత్రం దానితోనే మొదలుపెట్టండి, అవార్డులు ఆ తర్వాత.

ముసాయిదా వాట్సాప్‌లో పంపండి. బిల్లు నెంబర్లు ఇక్కడ నేను సరిచూసి పెడతాను.

ఇట్లు
మీ మేనల్లుడు