బిట్రగుంట మైక్ సెట్ బాబాయ్‌కి కృతజ్ఞతలు

మొన్న శనివారం తుమ్మలపెంటలో సెమీ క్రిస్మస్. పాటలు మొదలు కావడానికి ముప్పావు గంట ఉంది, నా గిటారు చూస్తే గొంతు బొంగురుపోయి కూర్చుంది. ఆ టెన్షన్లో నన్ను గట్టెక్కించిన మనిషి పేరైనా అడగలేదు. అందరూ బిట్రగుంట బాబాయ్ అంటుంటే నేనూ అలాగే పిలిచాను. పాటలయ్యాక చూస్తే బాక్సులు ఎత్తేసి, ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

గిటారు చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండు నెలలుగా ఒకటే జబ్బు. మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, నాలుగైదు తంతులు కలిపి కాస్త గట్టిగా కొట్టానా, సౌండ్ పగులుతుంది. రాక్ వాయించేవాళ్లు పెడల్ కొనుక్కుని మరీ ఆ పగులు తెచ్చుకుంటారు, నాకేమో ఊరికే వచ్చింది. మా పాటల్లో అది చిరిగిన స్పీకరులా వినపడేది. పాస్టరమ్మగారు ఒకరోజు "ఏంది నాయనా, లోపల ఈగేమన్నా దూరిందా?" అని అడిగారు కూడా.

తంతులు మార్చాను. కేబుల్ కొత్తది కొన్నాను. కావలిలో మా ఫ్రెండ్ ఆంప్ (సౌండ్ పెంచే పెట్టె) తెచ్చుకుని చూశాను, అందులోనూ అంతే. ఒక రిపేరు షాపులో ఇస్తే, తంతులు ఒక్కొక్కటిగా మీటి చూసి, పికప్‌లు (తంతుల కింద ఉండి సౌండ్ పట్టేవి) పోయాయి, కొత్తవి వేయాలంటే 9,000 అవుతుందన్నారు. వచ్చే నెల చీటీ పాడి వేయిద్దాంలే అనుకున్నా.

బాబాయ్ ముందు తన మిక్సర్ దగ్గరే మొదలుపెట్టాడు. నన్ను గట్టిగా కొట్టమని, నా ఛానెల్ మీద, సౌండ్ మితిమీరితే వెలిగే ఎర్ర లైటు చూశాడు. వెలగలేదు. "నా దగ్గర ఓవర్ కావడంలా అబ్బయ్యా. ఇప్పుడు గిటారు మీద వాల్యూం సగానికి తిప్పి, అంతే గట్టిగా కొట్టు" అన్నాడు. కొట్టాను. సౌండ్ తగ్గింది, పగులు మాత్రం అలాగే ఉంది.

అసలు కిటుకు ఇదే. వాల్యూం నాబ్ దాటాక ఎక్కడో ఓవర్‌లోడ్ అవుతుంటే, నాబ్ తగ్గించగానే సౌండ్ క్లీన్ కావాలి. కాలేదంటే నాబ్ కంటే ముందే, గిటారు కడుపులోనే పగులుతున్నట్టు. రెండు నెలల్లో నేను తిప్పని నాబ్ లేదు, కానీ తిప్పినప్పుడు ఏం వినాలో తెలియలేదు.

కీబోర్డ్ తమ్ముడి కేబుల్ పెట్టి కూడా ఒకసారి చూసి, ఫోన్ టార్చ్ వేసి జాక్ పెట్టే సాకెట్లోకి తొంగి చూశాడు.

"దీనికి బ్యాటరీ ఎప్పుడు మార్చావు?"

"గిటారుకి బ్యాటరీ ఏంది బాబాయ్?"

నా మొహంకేసి చూసి నవ్వాడు. సాకెట్లో రెండు రేకులుండాల్సిన చోట మూడున్నాయట. ఆ మూడోది బ్యాటరీకి స్విచ్. జాక్ గుచ్చగానే బ్యాటరీ ఆన్, పీకితేనే ఆఫ్. నేనేమో ఆదివారం ఆరాధన అయ్యాక కేబుల్ గిటారుకే వదిలేసి స్టాండ్‌కి ఆనించి ఇంటికొచ్చేవాణ్ణి. మళ్లీ బుధవారం దాకా అది ఆన్‌లోనే.

వెనక పలక నాలుగు స్క్రూలు విప్పితే, స్పాంజి ముక్కలో చుట్టిన 9 వోల్టుల బ్యాటరీ. నాకు అమ్మినతను యాక్టివ్ పికప్‌లు, అంటే బ్యాటరీతో నడిచేవి, వేయించుకుని ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. బాబాయ్ దాన్ని నాలుక కొసకి ఆనించి "చురుకే లేదు" అన్నాడు. తర్వాత మీటర్ పెడితే 6.1 చూపించింది. (నాలుక టెస్టు మీరు చేయొద్దు, మీటర్ చాలు.) అక్కడ తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఏ కొట్లో దొరుకుతుంది? తన కార్డ్‌లెస్ మైక్‌లోది పీకి ఇచ్చాడు. అది 9.3. పెట్టి, పలక కూడా బిగించకుండానే కొట్టాను. ఈగ లేదు!

ఎందుకలా అయిందంటే ఆయన చెప్పింది ఇది: పికప్ లోపల చిన్న ఆంప్ ఉంటుంది, బ్యాటరీ దిగేకొద్దీ దాని ఇంటికి కప్పు కిందికి దిగినట్టు. కూర్చుంటే ఏం కాదు, లేచి నిలబడితే తల కొట్టుకుంటుంది. మెల్లగా మీటితే బాగుండి, గట్టిగా కొడితే పగిలేది అందుకే. షాపులో అసలు తప్పు దొరకనిదీ అందుకే అయ్యుంటుంది, అక్కడ అంతా కూర్చునే వాయించారు కదా.

ఆ రాత్రి పన్నెండు పాటలు వాయించాం. మధ్యలో సముద్రం గాలికి చార్ట్‌లు ఎగిరిపోయాయి తప్ప ఇంకే గొడవా లేదు. పాస్టరమ్మగారు వచ్చి "ఈగ వెళ్లిపోయిందా?" అన్నారు.

కేబుల్ ఇచ్చిన తమ్ముడికి, టార్చ్ పట్టుకుని నిలబడిన క్వయిర్ చెల్లెళ్లకి కూడా థ్యాంక్స్. బాబాయ్, మీరు ఫోన్లో ఇవేం చూడరని తెలిసింది. ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు. నిన్న బిట్రగుంట వచ్చాను, మీరు పెళ్లి పనికి వెళ్లారట. రెండు కొత్త బ్యాటరీలు మీ పాప చేతికిచ్చాను. ఒకటి మీ మైక్‌కి, ఇంకోటి నాలాంటివాడెవడైనా మళ్లీ తగిలితే. తిట్టకండి.