వేదాయపాళెం ఇంటి బాడుగ విషయమై అమ్మాయికి

కావలి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నెల్లూరు వేదాయపాళెంలోని ఇంటిని ఇకమీదట ఏజెంటు చేతిలో పెట్టకుండా డల్లాస్ నుంచి నువ్వే చూసుకుంటానని వ్రాసిన సంగతి మీ అమ్మకు చదివి వినిపించాను. ఇల్లు నీ పేర రిజిస్టరు అయింది కనుక దాని మంచిచెడ్డలు నీకే తెలిసి ఉండడం మంచిదని మా ఇద్దరికీ అనిపించింది. కావలిలో ఉంటూ ఆ ఇంటిని ఇన్నేళ్ళుగా బాడుగకిచ్చి నడిపినవాడిగా నాకు తెలిసినదంతా వివరంగా వ్రాస్తున్నాను. తీరికగా చదివి అల్లుడుగారికి కూడా చూపించు.

అన్నిటికంటే ముందు నువ్వు సంపాదించుకోవలసింది ఆ ఇంటికి దగ్గరలో ఉండే ఒక నమ్మకమైన మనిషిని. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన నీళ్ళతో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ రైలుపట్టాలూ కోసుకుపోయినప్పుడు, మామూలుగా గంట ప్రయాణంలో చేరగలిగే నెల్లూరికి నాకు దారి లేకపోయింది. మన ఇంటి దాకా ఏటి నీళ్ళు రాలేదు గానీ, ఎడతెరిపి లేని వానకు డాబా మీద నీళ్ళు నిలిచి పడకగది స్లాబు ఉరుస్తోందని బాడుగకున్నవాళ్ళు ఫోను చేశారు. ఆ పూట వాళ్ళకు అక్కరకు వచ్చినవాడు రెండు వీధుల అవతల ఉండే మేస్త్రీ. ఏటికి ఈ గట్టున ఉన్న నా పరిస్థితే అలా ఉంటే, ఇక్కడ తెల్లవారి మోటారు కాలిపోయేసరికి అక్కడ రాత్రయి నిద్రకు పడుకునే నీకు అలాంటి మనిషి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆ మనిషి బంధువు కాకపోతేనే మేలని నా అభిప్రాయం. మీ చిన్నాన్న కొడుకు నెల్లూరులోనే ఉన్నాడు, అడిగితే కాదనడు. కానీ ఊరికే చేయించుకునే పనికి ఆలస్యమైతే అడగలేవు, చెడిపోతే అనలేవు, చివరకు పెళ్ళిపేరంటాల్లో ముఖాలు చూసుకోవడం కష్టమవుతుంది. నెలకింత అని ఇచ్చి, మూడు నెలలకొకసారి ఇల్లు చూసి వీడియో పంపేటట్లు మాట్లాడుకో. ప్లంబరు, ఎలక్ట్రీషియను, మేస్త్రీ ఫోను నంబర్లు నీ దగ్గరా, ఆ మనిషి దగ్గరా, బాడుగకున్నవాళ్ళ దగ్గరా ఉండాలి.

సంతకం అవసరమైన పనులకు అతనికి అధికారం ఇవ్వదలచుకుంటే, బాడుగ అగ్రిమెంటు వ్రాయడం, పన్నులు, కరెంటు బిల్లులు కట్టడం అనే పనుల వరకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించు. అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం అందులో ఎక్కడా కనిపించకూడదు. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటు ద్వారా అటెస్టు చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల లోపల దానికి స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటనివ్వవద్దు.

ఇల్లు ఖాళీ అయ్యే సమయం గురించి కూడా ఆలోచించాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి శూన్యమాసాల్లో మన వైపు ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఆషాఢంలో ఖాళీ అయితే శ్రావణం వచ్చేదాకా ఇల్లు తాళం వేసి ఉంటుంది, మూసి ఉంచిన ఇంటికి చెద త్వరగా పడుతుంది. బడులు జూన్‌లో తెరుస్తారు కనుక పిల్లలున్న కుటుంబాలు మే నెలలోనే ఇళ్ళు వెతుక్కుంటాయి. గడువు మే నెలకు ముగిసేటట్లు వ్రాసుకుంటే బేరం నీ చేతిలో ఉంటుంది. వచ్చినవాళ్ళతో వీడియోలో నువ్వే మాట్లాడు, వాళ్ళు అంతకుముందు ఉన్న ఇంటివారితో కూడా మాట్లాడు. ఎక్కువ బాడుగ ఇస్తామని తొందరపడేవాళ్ళకంటే, నాలుగేళ్ళు ఒకే ఇంట్లో కాపురమున్నవాళ్ళకు వెయ్యి రూపాయలు తగ్గించి ఇవ్వడం నీకు లాభం. ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే పోయేది ఏడాది పొడుగునా ఇచ్చిన ఆ తగ్గింపు అంతటికంటే ఎక్కువ.

అగ్రిమెంటు ఊళ్ళో అందరూ 11 నెలలకే వ్రాసుకుంటారు. అయినా రిజిస్టరు చేయించిన పత్రానికి ఉన్న బలం నోటరీ కాగితానికి ఉండదు కనుక, దూరాన ఉన్న నువ్వు ఖర్చుకు వెనుకాడకుండా రిజిస్టరు చేయించు. కరెంటు బిల్లు ఎవరిది, సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరు తీయించాలి, ఖాళీ చేసేటప్పుడు సున్నాలు ఎవరు వేయించాలి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. తాళాలు ఇచ్చే రోజున గదిగదీ, కుళాయిలూ, కిటికీల దోమతెరలూ వీడియో తీయించి, కరెంటు మీటరు రీడింగు ఫొటోతో సహా ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. నెల్లూరులో దోమతెర చినిగిన ఇల్లు ఎవరికీ నచ్చదు. ఆ ఖర్చు నీదే అనుకో.

రిపేర్ల విషయంలో నేను పాటించిన పద్ధతి ఒకటి ఉంది, అది నువ్వు కూడా కొనసాగించాలని కోరుతున్నాను. 2,000 రూపాయల లోపు పని ఏదైనా వాళ్ళే చేయించి, రసీదు ఫొటో పంపి, బాడుగలో తగ్గించుకోవచ్చని చెప్పాను. ఇందువల్ల కారే కుళాయి కోసం ఎవరూ నీ అనుమతికి ఎదురుచూడరు, చిన్న రిపేరు పెద్దది కాదు. అంతకు మించిన పనికి మాత్రం మేస్త్రీ చేత అంచనా వేయించి నువ్వే ఒప్పుకోవాలి. ఏ పనీ రెండు రోజులకు మించి జవాబు లేకుండా ఉంచవద్దు. మన ప్రాంతానికి పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కనుక, సెప్టెంబరులోనే డాబా ఊడిపించి, నీళ్ళు పోయే గొట్టాలు శుభ్రం చేయించి, పగుళ్ళు పూడ్పించాలి. రోహిణి కార్తెకు ముందు బోరు మోటారు, సంపు చూపించాలి.

ఇక పన్నుల సంగతి. నువ్వు విదేశంలో స్థిరపడ్డావు కాబట్టి నీకు బాడుగ ఇచ్చేవాళ్ళు, మొత్తం ఎంత చిన్నదైనా, సెస్సుతో కలిపి 31.2 శాతం టి.డి.ఎస్., అంటే బాడుగ ఇచ్చేటప్పుడే ముందుగా మినహాయించే ఆదాయపు పన్ను, పట్టుకొని ప్రభుత్వానికి కట్టాలని చట్టం. అందుకోసం వాళ్ళు, ఇలా పన్ను పట్టుకొని కట్టేవాళ్ళకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే టాన్ నంబరు తీసుకోవాలి. ఈ సంగతి బాడుగకు వచ్చేవాళ్ళలో చాలామందికి తెలియదు. ముందే చెప్పి, ఆడిటరు ఖర్చు నువ్వే భరిస్తానని ఒప్పించడం ధర్మం, ఎందుకంటే కట్టకపోతే నోటీసు వచ్చేది వాళ్ళకు. నెలకు 15,000 అనుకుంటే 4,680 పట్టుకోవాలి. అయితే ఏడాదికి వచ్చే 1,80,000లో నువ్వు కట్టిన ఇంటిపన్నూ, మిగిలినదానిలో 30 శాతమూ మినహాయించి లెక్క చూస్తారు కనుక, ఇక్కడ నీకు వేరే ఆదాయం లేకపోతే పన్ను పరిధిలోకే రావు. రిటర్ను వేస్తే పట్టుకున్నదంతా తిరిగి వస్తుంది. బాడుగ నీ ఎన్.ఆర్.ఓ. ఖాతాలోనే, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతాలోనే పడాలి. పాత సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే వెంటనే మార్పించుకో. ఈ ఆదాయాన్ని అమెరికా పన్ను లెక్కలో కూడా చూపించాలన్న మాట మరువవద్దు.

ఇంటిపన్ను ఏడాది మొత్తానికి ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది. కరెంటు బిల్లు బాడుగకున్నవాళ్ళదే అయినా, సర్వీసు నంబరుతో నెలనెలా నువ్వే చూసుకో. బకాయి పడితే అది ఆ సర్వీసు మీదే నిలిచిపోతుంది. ఏడాదికొకసారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఇ.సి., అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం తీసి, ఆ ఇంటి మీద నీకు తెలియని లావాదేవీ ఏదీ లేదని సరిచూసుకో. దూరాన ఉండేవాళ్ళ ఆస్తి మీద కన్నేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

బాడుగకున్నవాళ్ళతో నీ మాటతీరు గురించి కూడా ఒక మాట. వాళ్ళ ఇంట్లో ఎవరు వస్తున్నారు, ఏం వండుకుంటున్నారు అని పక్కింటివాళ్ళను ఆరా తీయవద్దు. చూడడానికి మనిషిని పంపేముందు ఒక రోజు ముందుగా చెప్పు. బాడుగ ఒక నెల ఆలస్యమైతే కారణం అడుగు, రెండో నెల కూడా ఆలస్యమైతే ఎప్పుడిస్తారో వాట్సాప్‌లో వ్రాయించుకో, ఆ తేదీ కూడా దాటితే వకీలు చేత నోటీసు ఇప్పించు. కోపంతో నీళ్ళు ఆపించడం, కరెంటు తీయించడం ఎన్నడూ చేయవద్దు, అది చట్టానికీ మనకూ తగని పని. వాళ్ళు ఖాళీ చేసిన రోజున అడ్వాన్సు లెక్క చూసి వెంటనే ఇచ్చెయ్యి. నెల్లూరులో మన ఇంటికి టు-లెట్ బోర్డు పెట్టకుండానే మనుషులు వచ్చారంటే, వెళ్ళిపోయినవాళ్ళు చెప్పిన మంచిమాట వల్లనే.

ఇప్పుడున్నవాళ్ళు మే నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పారు. దస్తావేజు, పన్ను రసీదులు, పాత అగ్రిమెంటు జిరాక్సులు అన్నీ కొరియరులో పంపుతున్నాను, అసలు కాగితాలు మాత్రం బ్యాంకు లాకరులోనే ఉంటాయి. పవర్ ఆఫ్ అటార్నీ ముసాయిదా సంతకం చేయకముందే నాకు పంపు. ఇక్కడి వకీలుగారికి చూపించి, ఆయన మార్చమన్నవి మార్చి తిరిగి పంపుతాను.

ఇట్లు
మీ నాన్న