మన సంఘం వార్షిక నివేదిక, 2024–25: ఆదివారం బడిలో నీళ్ల లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు. ఈ ఏడాది కొత్తగా చేసిందల్లా బెంగళూరులో మనం నడిపే ఆదివారం తెలుగు బడిని ప్రాజెక్టు పద్ధతిలోకి మార్చడం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

ప్రాజెక్టు అంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రాత్రి తొమ్మిదింటికి పిల్లాడు ‘రేపే ఇవ్వాలి’ అంటాడు. నాన్న స్టేషనరీ షాపుకు పరుగెత్తి థర్మోకోల్ తెస్తాడు, అమ్మ కూర్చుని అగ్నిపర్వతం కడుతుంది, మార్కులు పిల్లాడికి పడతాయి. 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసిన అమెరికా ఆచార్యుడు కిల్‌పాట్రిక్ కోరుకున్నది ఇది కాదు. పిల్లలు తమకంటూ ఒక ఉద్దేశం పెట్టుకుని, మనసుపెట్టి చేసే పని కావాలన్నాడాయన. 1937లో వార్ధాలో నయీ తాలీం (కొత్త చదువు) గురించి మాట్లాడినప్పుడు గాంధీజీ కూడా చేతిపనిలోంచే చదువు రావాలన్నారు.

మన పిల్లలకు ఏ పని ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం పడిగాపులు పడ్డ ఇళ్లే అన్నీ. ‘మనింటికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి?’ అన్న ప్రశ్న పిల్లలే బోర్డు మీద రాశారు. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాని పిల్లలు వాచ్‌మన్‌ను, ప్లంబర్‌ను అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో రాసుకోవాల్సి వచ్చింది. పదిసార్లు ఇంపోజిషన్ రాయించినా కుదరని ఒత్తులు ఆ పనిలో కుదిరాయి.

అన్నిటికన్నా రక్తి కట్టింది కుళాయి కొలత. లీటరు సీసా నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరింట్లో వాళ్లు ఫోన్లో చూసి రాసుకొచ్చారు. పై అంతస్తు పాప సీసా నిండటానికి ఎక్కువసేపు పట్టింది, కింది అంతస్తు బాబుది చటుక్కున నిండింది. ‘ట్యాంకు మా నెత్తి మీదే ఉంది, మాకే ముందు రావాలి కదా’ అని ఆ పాప వాదన. ఇద్దరూ దెబ్బలాడుకుంటుంటే హిందూపురం వైపు నుంచి వచ్చిన మన ప్లంబర్ మేస్త్రి డాబా మీదికి తీసుకెళ్లి, ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద అంత ఒత్తిడి ఉంటుందని పైపులు పట్టుకుని చూపించాడు. ఆ పాఠానికి మా టీచర్లు కూడా కింద కూర్చున్నారు. ఒక కుళాయిలో ఆరు సెకన్లకు లీటరు వచ్చింది, అంటే నిమిషానికి 10 లీటర్లు. అదే కుళాయికి ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపి ధార తగ్గించే చిన్న జల్లెడ మూత) బిగించి మళ్లీ కొలిస్తే లీటరుకు 20 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి మూడే. అపార్ట్‌మెంట్లకు బెంగళూరు జలమండలి ఏరేటర్లు ఎందుకు పెట్టమందో పిల్లలు తమ లెక్కతోనే తెలుసుకున్నారు. అక్టోబరులో బెంగళూరుకు కావేరి నీళ్లు తెచ్చే పథకం అయిదో దశ ప్రారంభమైనప్పుడు పేపర్ కటింగ్ తెచ్చి గోడకు అంటించి, ఆ నీళ్లను పంపే తోరెకాడనహళ్లి నుంచి మన ఊరి దాకా దాదాపు 100 కిలోమీటర్ల గీత గీశారు.

చివర్లో చార్టుల పోటీ పెట్టలేదు. ఈ లెక్కలు పట్టుకుని పిల్లలు ఒక అపార్ట్‌మెంట్ కమిటీ ముందు నిలబడ్డారు. పొంగిపోయే ట్యాంకుకు ఆ వారంలోనే ఫ్లోట్ వాల్వు (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపేది) మార్చారు. పెద్దవాళ్లం ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే అది!

తల్లిదండ్రుల సమావేశంలో మాత్రం ‘దీనికి మార్కులొస్తాయా?’ అన్న ప్రశ్నే ముందొచ్చింది. పిల్లల్ని మేస్త్రి దగ్గరికి పంపుతామంటే ఒక బడివారు ‘పోర్షన్ అవ్వదు’ అని చేతులెత్తేశారు. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు సూచించింది, ఆ రోజుల్లో వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర నేర్చుకోవచ్చంది. దాన్ని చదివి వినిపించాక కొందరు మెత్తబడ్డారు, కొందరు లేదు. వాళ్లు అడిగేది తప్పని నేననను. పదో తరగతి పరీక్ష పాత పద్ధతిలో ఉన్నంతకాలం ఆ భయం ఉంటుంది.

ఆ సమావేశంలోనే చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పుకున్నాం. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ విద్యాకేంద్రంలో, చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డుల పద్ధతి తయారైంది. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతూ పోతారు. దాన్ని చూసొచ్చిన టీచర్లు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో ‘నలి-కలి’ (ఆడుతూ నేర్చుకో) అనే పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత అది కర్ణాటక సర్కారు బడుల చిన్న తరగతులకంతా పాకింది. చెన్నై కార్పొరేషన్ బడులూ 2003లో ఇదే దారి పట్టాయి. అప్పటి మన చిత్తూరు జిల్లా పల్లెల చదువు రెండు పొరుగు రాష్ట్రాలకు వెళ్లిందన్నమాట.

వచ్చే ఏడాది ప్రాజెక్టు వాననీరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. అందులో ఎంత ఇంకుడు గుంతకు చేరుతుందో పిల్లలు కొలవాలి. అందుకు డాబా ఎక్కనిచ్చే ఇళ్లు, పనిచేస్తున్న ఇంకుడు గుంతలున్న అపార్ట్‌మెంట్లు కావాలి. మీ కమిటీ ఒప్పుకుంటే ఆదివారం బడి వదిలాక టీచర్లతో చెప్పండి. డాబా తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా చెబితే పని సులువు.

– కార్యదర్శి