బురదలోంచే నడవండి

సంపాదకులకు,

మంచు పడే చోట్ల తొలి వసంతంలో అడవి కొండలెక్కడం గురించి రాసేవాళ్లు పూల గురించీ చిగుళ్ల గురించీ చక్కగానే రాస్తారు. బురద ఊసు మాత్రం ఎత్తరు. కొండదారులు ఎక్కువగా పాడయ్యేది మంచు కరిగే ఆ కొద్ది వారాల్లోనే.

గడ్డకట్టిన నేల పైనుంచి కరుగుతూ వస్తుంది. పై నాలుగు వేళ్ల మందం మట్టి మెత్తబడినా అడుగున ఇంకా గట్టిగానే ఉంటుంది. నీరు ఇంకే దారిలేక పైనే నిలుస్తుంది. బూట్లు తడవకూడదని చాలామంది బురద అంచున నడుస్తారు. వెనక వచ్చినవాళ్లు ఇంకాస్త పక్కకు జరుగుతారు. అడుగున్నర కాలిబాట కాస్తా బండిబాట అవుతుంది. తడిమట్టిని తొక్కితే అందులో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. మొక్కల వేళ్లకు ఊపిరాడదు, అడుగుల గుంటలే కాలువలై మట్టిని కోసుకుపోతాయి. పైగా చెట్లు ఆకులు తొడిగేలోపు దొరికే ఎండతో పూసే చిన్న మొక్కలుండేది ఆ అంచుల్లోనే. వాటిలో ట్రిలియం, విత్తనం నుంచి తొలి పువ్వు పూయడానికి ఏడేళ్లో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది. కాబట్టి బురద నడుమ నుంచే నడవాలి, బూట్లు కడుక్కోవచ్చు. అడుగు చీలమండ దాకా దిగబడుతోందంటే ఆ దారిని ఆ రోజుకు వదిలేసి, ఎండ తగిలే రాతినేల దారి చూసుకోవాలి.

ఇక వేళ లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ అదనంగా ఒక గంట. 10 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎత్తు అంటే మూడు గంటలు. అది ఆగకుండా, పొడినేల మీద. బురద, మెత్తని మంచు ఉంటే నాలుగున్నరకు తక్కువ వేయకూడదని నా అభిప్రాయం. శిఖరం చేరినా చేరకపోయినా వెనుదిరిగే వేళను బయలుదేరే ముందే ఖాయం చేసుకోవాలి. తలలైటు ఎలాగూ సంచిలో ఉండాల్సిందే.

కింద వసంతం వచ్చిందంటే పైనా వచ్చినట్టు కాదు. పైకి వెళ్లే ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఎండ పడని వాలుపై పక్కల మంచు అంతా కరిగిపోయినా, చలికాలమంతా తొక్కుడుపడి గట్టిపడింది మాత్రం దారి నడుమ గాజుపలకలా మిగులుతుంది. బూట్లకు తొడిగే గొలుసుముళ్లు జారాక కాదు, ఆ పలక కనపడగానే వేసుకోవాలి. రాలిన ఆకులు మరో మోసం: కింద తడివేరుందో, మంచుగడ్డుందో తెలియదు. దిగేటప్పుడు కర్రతో తట్టి చూసి అడుగేయడం మేలు.

పొద్దున సులువుగా దాటిన వాగు, పగలంతా కరిగిన మంచునీటితో సాయంత్రానికి పొంగి ఉండవచ్చు. వడిగా పారే నీరు మోకాలికి తగిలితే దిగకూడదు. దాటదగ్గ చోటైనా ముందు సంచి నడుంపట్టీ విప్పాలి, పడితే సంచిని వదిలించుకోవడానికి. నూలు బట్టలు వద్దు. తడిస్తే వెచ్చదనం పోతుంది, ఆరవు. ఉన్ని గానీ సింథటిక్ గానీ మేలు.

చలి ఉంది కదా, పురుగూ పుట్రా ఉండవనుకోవద్దు. నాలుగైదు డిగ్రీలు దాటితే పిడుదులు కదులుతాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోవాలి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో వెతకాలి. పట్టుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె పోయడం, కాల్చడం పనికిరావు.

మీరు ట్రెక్కింగ్ వ్యాసం వేసేటప్పుడు పక్కన చిన్న పెట్టెలో నాలుగు వివరాలివ్వండి: దూరం, ఎక్కే ఎత్తు, దారి ఏ దిక్కు వాలు మీద ఉంది, దాటాల్సిన వాగులెన్ని. ఫొటో ఒకటి తగ్గినా పరవాలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు